ట్రయాజ్ బల్ల దగ్గర 23 మార్కులు

రాత్రి పదకొండు దాటింది. ఎడమచేతి చూపుడు వేలికి చుట్టిన తువ్వాలు తడిసి ముద్దయింది. ఇంట్లో బెండకాయలు తరుగుతుంటే కత్తి జారింది. బయట మంచు కురుస్తోంది. మీ ఆవిడ కారు తీసి మిమ్మల్ని డెన్వర్ హెల్త్ ఎమర్జెన్సీ గుమ్మం ముందు దింపి, పార్కింగ్ వెతుక్కుంటూ వెళ్లింది. డెన్వర్ అమెరికాలో కొలరాడో రాష్ట్ర రాజధాని. మన ఊళ్లలో పెద్దాసుపత్రి అంటామే, ఈ ఊరికి అది ఇదే. బీమా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, తూటా దిగినవాళ్లూ దగ్గు పట్టినవాళ్లూ అందరూ ఇక్కడికే వస్తారు.

లోపల వెచ్చగా ఉంది. గోడమీద టీవీలో శబ్దం లేకుండా బాస్కెట్‌బాల్ నడుస్తోంది. గుండె పట్టుకుని వచ్చిన పెద్దాయన్ని వరుసతో పని లేకుండా లోపలికి తోసుకెళ్లారు. మీరు ఆగాలి. ఎవరిని ముందు చూడాలి, ఎవరు ఆగగలరు అన్నది తేల్చే చోటే ట్రయాజ్ బల్ల. మీ ఇంటిపేరు దగ్గర రెండుసార్లు తడబడి చివరికి ఒక నర్సు పిలిచింది. మణికట్టుకి బార్‌కోడ్ పట్టీ వేసింది. బీపీ చూసింది. తువ్వాలు విప్పి, నాలుగు కుట్లు పడతాయని చెప్పి, గాజుగుడ్డ చుట్టింది.

"టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారు?"

"గుర్తు లేదు."

"పడని మందులు ఏమైనా?"

"లేవు."

"ఇంకో ఏడెనిమిది ప్రశ్నలున్నాయి. హెచ్‌ఐవీ పరీక్ష ఎవరికి చేయాలో చూసుకోవడానికి. జవాబు చెప్పడం మీకు ఇష్టం లేకపోతే వద్దనండి."

వేలు తెగి వస్తే హెచ్‌ఐవీ గొడవేమిటని మీకు అనిపించింది. అనిపించడం సహజం. ఈ గదిలోకి వచ్చే ప్రతివాళ్లకీ అలాగే అనిపిస్తుంది, అందుకే ఇన్నేళ్లుగా ఈ పరీక్ష వెనకబడింది. తన ఒంట్లో వైరస్ ఉందని తెలియని మనిషి హెచ్‌ఐవీ కోసం ఆసుపత్రికి రాడు. మడమ బెణికిందని వస్తాడు, జ్వరమని వస్తాడు, మీలాగే వేలు తెగిందని వస్తాడు. అడిగితే అప్పుడే అడగాలి. మళ్లీ ఎప్పుడొస్తాడో!

ఇప్పుడు నర్సు భుజం మీదుగా తెర వైపు చూడండి.

మీ వయసు 38 అని కంప్యూటర్‌కి ముందే తెలుసు. 33 నుంచి 46 మధ్య వాళ్లకి 12 మార్కులు. 22 నిండనివాళ్లకీ, 60 దాటినవాళ్లకీ సున్నా. మగవాళ్లకి 21. మీరింకా నోరు విప్పనేలేదు, 33 పడిపోయాయి.

తరవాతి గడి జాతి. నల్లజాతివారైతే 9, హిస్పానిక్ అయితే 3. మీకు ఏమీ కలవలేదు. ఆ తొమ్మిది దగ్గర కాస్త ఆగాలి. వైరస్‌కి చర్మం రంగుతో పనిలేదు. ఎవరికి వైద్యం ఆలస్యంగా అందింది, ఎవరి చుట్టుపక్కల వైరస్ ముందునుంచీ ఎక్కువగా ఉంది అన్న పాత అన్యాయపు లెక్క ఆ అంకెలోకి వచ్చి కూర్చుంది. లెక్కగా అది తప్పు కాకపోవచ్చు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ తొమ్మిది ఎందుకు పడ్డాయో ఏ నర్సు వివరించి చెప్పగలదు? ఈ పట్టికలో నాకు మింగుడు పడని గడి ఇదే.

"మగవాళ్లతో లైంగిక సంబంధం ఎప్పుడైనా ఉందా?"

సరిగ్గా అప్పుడే మీ ఆవిడ వచ్చింది. భుజాల మీద మంచు, చేతిలో కారు తాళాలు. మీరు ఆవిడ మొహం చూసి, నర్సు మొహం చూసి, "లేదు" అన్నారు. నర్సు ఏమీ టైపు చేయలేదు. లేచి, "రెండు నిమిషాలు బయట కూర్చుంటారా అమ్మా, ఇదిగో పిలుస్తాం" అని మీ ఆవిడని పంపించింది. తెర లాగింది. తిరిగొచ్చి అదే ప్రశ్న, అదే గొంతుతో మళ్లీ అడిగింది. మీరు ఈసారీ లేదనే అన్నారు. ఈసారి టైపు చేసింది. ఉందని అని ఉంటే 22 కలిసేవి.

ఆడవాళ్లతో యోని సంభోగం? ఉంది. ఇక్కడ 10 తగ్గించారు. ఆసన సంభోగంలో స్వీకరించే పాత్ర? ఉంటే 8. లేదు. సూదితో మత్తుమందు ఎక్కించుకున్నారా? ఉంటే 9. లేదు. చివరిది, ఇంతకుముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నారా? చేయించుకుని ఉంటే 4 తగ్గుతాయి. మీరు ఆలోచించారు. గ్రీన్‌కార్డు వైద్యపరీక్షలో రక్తం తీశారు కదా అనుకున్నారు. కానీ 2010 జనవరి 4 నుంచి అమెరికా ఆ వైద్యపరీక్షలోంచి హెచ్‌ఐవీని తీసేసింది. మీది ఆ తరవాతే జరిగింది. లేదు అన్నారు.

మొత్తం 23.

ఈ పట్టికలో అందరికంటే తక్కువ పడగలిగే మార్కు సున్నా కంటే 14 కింద, అందరికంటే ఎక్కువ 81. వైద్యులు దీన్ని డెన్వర్ హెచ్‌ఐవీ రిస్క్ స్కోర్ అంటారు. జేసన్ హౌకూస్ అనే ఎమర్జెన్సీ వైద్యుడూ ఆయన సహచరులూ తయారుచేసి 2012లో ప్రచురించారు. ఈ మార్కులు వాళ్లు కూర్చుని ఊహించి వేసినవి కావు. ఈ ఊళ్లోని సుఖవ్యాధుల క్లినిక్‌కి 1996 నుంచి 2008 దాకా వచ్చి పరీక్ష చేయించుకున్న 92,635 మంది రికార్డులు తీశారు. అందులో 504 మందికి కొత్తగా హెచ్‌ఐవీ బయటపడింది. ఆ 504 మందిలో ఎక్కువగా కనిపించి, మిగతావాళ్లలో తక్కువగా కనిపించిన గుణాలేమిటో లెక్కగట్టి, ఒక్కోదానికి ఒక్కో బరువు వేశారు. తరవాత ఆ పట్టికను వేరే ఊరు, సిన్సినాటి, తీసుకెళ్లి అక్కడి 22,983 మంది మీద సరిచూశారు. ఊరు మారేసరికి పట్టు కొంత సడలింది, కానీ పనిచేసింది.

మార్కు ఏం చెబుతుందో వినండి. సిన్సినాటి లెక్కల ప్రకారం 50, ఆపైన వచ్చినవాళ్లలో నూటికి 3.59 మందికి వైరస్ ఉంది. 40 నుంచి 49 దాకా అయితే 1.59. ముప్పైల్లో 0.99. మీలా ఇరవైల్లో ఉన్నవాళ్లలో 0.41. మరి ఇరవై లోపు? 0.31. సున్నా కాదు! వెయ్యిమందిని తీసుకుంటే ముగ్గురు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2006లో ఏమందంటే, బయటపడని హెచ్‌ఐవీ వెయ్యిమందిలో ఒకరికి తగ్గకుండా ఉన్నచోట ఆసుపత్రికి వచ్చిన 13 నుంచి 64 ఏళ్ల వాళ్లందరికీ పరీక్ష చేయమంది. సిన్సినాటిలో అడుగుబొడుగు మార్కులవాళ్లు కూడా ఆ గీత దాటేశారు.

ఎమర్జెన్సీలో దీన్ని తొలిసారి వాడినప్పుడు 30 మార్కుల దగ్గర గీత గీశారు. మీ 23 దానికి కింద. నర్సు ఇంకేమీ అనలేదు. కుట్లు వేసే గదికి పంపించేసింది.

మీరు వెళ్లండి. కథ మాత్రం ఇక్కడే ఉంది. మీ తరవాత అదే కుర్చీలోకి ఒక కుర్రాడు కుంటుతూ వచ్చాడు. వయసు 24, హిస్పానిక్. కాలి మడమ వాచింది. వయసుకి 4, మగవాడు కాబట్టి 21, జాతి గడిలో 3. మగవాళ్లతో సంబంధం ఉందని తడుముకోకుండా చెప్పాడు, 22. ఇంకో గడిలో 8. నిరుడు ఒకసారి పరీక్ష చేయించుకున్నాడు, అందుకు 4 పోయాయి. 54. తెరమీద సూచన వెలిగింది. "ఇవాళ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేద్దామా? ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది" అంది నర్సు. కుర్రాడు గోడ గడియారం వైపు చూశాడు. "పొద్దున్నే పనికెళ్లాలి. ఇంకోసారి చూద్దాం లెండి."

అంతే. 54 మార్కుల మనిషి కాలికి పట్టీ వేయించుకుని వెళ్లిపోయాడు. నర్సు ఇద్దరికీ ఒకే ప్రశ్నలు వేసింది, లెక్క తప్పలేదు, కంప్యూటర్ తన పని తను చేసింది. అయినా పరీక్ష మాత్రం జరగలేదు.

ఈ ఇద్దరూ నేను కల్పించినవాళ్లే. అంకెల్లో మాత్రం ఇలాంటివాళ్లు వేలమంది ఉన్నారు. డెన్వర్ హెల్త్‌లో 2007 ఏప్రిల్ నుంచి 2009 ఏప్రిల్ దాకా ఒక ప్రయోగం నడిచింది. నాలుగు నెలలు అందరికీ పరీక్ష, వద్దన్నవాళ్లకి తప్ప. తరవాతి నాలుగు నెలలు డాక్టరుకి అనుమానం వచ్చినవాళ్లకి మాత్రమే. మళ్లీ అటు, మళ్లీ ఇటు. అందరికీ అన్న నెలల్లో పరీక్షకి అర్హులు 28,043 మంది, నిజంగా చేయించుకున్నది నాలుగోవంతు, 6,933 మంది. డాక్టర్ల అనుమానం మీద వదిలేసిన నెలల్లో 29,925 మందికి జరిగిన పరీక్షలు 243. వంద మందిలో ఒక్కరికైనా జరగలేదు. డాక్టరుకి అనుమానం వచ్చేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

అందరికీ చేయాలంటే చేతులు చాలవు, డాక్టర్ల అనుమానానికి వదిలేస్తే దొరకరు. ఈ రెంటి మధ్య పుట్టింది మార్కుల ఆలోచన. 2013లో వచ్చిన ఫలితం చూసినవాళ్లకి ప్రాణం లేచొచ్చి ఉంటుంది. గుర్తుపెట్టుకోండి: అందరికీ చేసిన కాలంలో 3,591 పరీక్షలకి ఏడుగురు కొత్తవాళ్లు బయటపడ్డారు. మార్కుల కాలంలో 551 పరీక్షలకే ఏడుగురు! అదే ఏడుగురి కోసం ఆరోవంతు కిట్లు. ఎవరైనా ఏమంటారు? ఇంకేం కావాలంటారు.

కానీ అది ముందు ఒక కాలం, వెనక ఒక కాలం పోల్చిన లెక్క. కాలం మారితే వచ్చే జనమూ మారొచ్చు. గట్టిగా తేలాలంటే ఒకే రాత్రి, ఒకే గదిలో, పక్కపక్కన పోల్చాలి. దానికోసం 2014లో నాలుగు ఊళ్ల ఎమర్జెన్సీలు చేతులు కలిపాయి. డెన్వర్, బాల్టిమోర్, సిన్సినాటి, ఓక్లాండ్.

ఆ రోజుల్లో మళ్లీ ఇదే బల్ల దగ్గరికి రండి. మీ పేరు టైపు చేయగానే కంప్యూటర్ లోపల చీటీ వేస్తుంది. మూడు దారులు. మొదటి దారిలో ప్రశ్నలే లేవు, ఎవరైనా సరే పరీక్ష చేస్తామంటారు. రెండో దారిలో డెన్వర్ మార్కులు, గీత దాటితేనే పరీక్ష. మూడో దారిలో పాతకాలపు పద్ధతి: సూదులు, సంబంధాలు, సుఖవ్యాధులు వగైరా కొన్ని ప్రశ్నలు, ఏ ఒక్కదానికి అవునన్నా పరీక్ష. మార్కులు లేవు, కూడికలు లేవు. మీకు ఏ దారి వస్తుందో మీ చేతుల్లో లేదు, నర్సు చేతుల్లోనూ లేదు.

76,561 సార్లు చీటీ వేశారు. 2021లో లెక్క బయటపెట్టారు. ప్రశ్నల్లేని దారిలో 6,744 పరీక్షలు, పదిమంది కొత్తవాళ్లు. మార్కుల దారిలో 4,488 పరీక్షలు, ఏడుగురు. పాత ప్రశ్నల దారిలో 3,173 పరీక్షలు, వాళ్లూ ఏడుగురే. నాలుగు ఊళ్లు, ఒక్కో దారిలో పాతికవేల మందికి పైగా రోగులు, అన్నీ కలిపితే దొరికినవాళ్లు 24 మంది. మార్కులు మిగతా పద్ధతుల్ని ఓడిస్తాయన్న ఆశ నిలబడలేదు. తక్కువ కిట్లతో దాదాపు అంతమందిని పట్టుకోవచ్చన్నది మాత్రం నిలబడింది, అదీ పాత ప్రశ్నలు ఇంకా తక్కువ కిట్లతోనే చేశాయి.

పది ఎక్కువా, ఏడు ఎక్కువా అని నన్నడిగితే పదే అంటాను. గణాంక నిపుణులు ఆ మూడు తేడాని యాదృచ్ఛికం కావచ్చంటారు, ఒప్పుకుంటాను. కానీ నేను ఎక్కువసేపు చూస్తూ కూర్చున్నది వేరే అంకెను. మార్కుల దారిలో గీత దాటినవాళ్లు 13,883 మంది. అందులో పరీక్ష పూర్తయింది మూడోవంతుకి లోపే, 32.3 శాతానికి. అంటే 'నీకు రిస్క్ ఉంది' అని తేల్చిన తరవాత కూడా తొమ్మిది వేలమందికి పైగా మడమ కుర్రాడిలా పరీక్ష లేకుండానే వెళ్లారు. మనుషులు జారిపోయేది లెక్కలో కాదు. నర్సు నోటికీ రక్తం తీసే సూదికీ మధ్య ఉన్న ఆ పది అడుగుల్లో జారిపోతున్నారు. గీత ఇరవై దగ్గర పెట్టాలా ముప్పై దగ్గరా అని వాదించుకునేవాళ్లు ఆ పది అడుగులు ఎప్పుడు చూస్తారో!

ఇప్పుడు ఆ పట్టికను మడిచి జేబులో పెట్టుకుని ఆంధ్రప్రదేశ్‌కి వద్దాం. 2023 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.20 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44. ఈశాన్య రాష్ట్రాలని పక్కన పెడితే దేశంలో ముందువరస మనదే.

ఏ జిల్లా ఆసుపత్రైనా అనుకోండి. ఓపీ చీటీల వరుస దాటి, మందుల కిటికీ దాటి, వరండా చివర ఐసీటీసీ అని బోర్డున్న గది, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం. లోపల ఒక కౌన్సిలర్, పక్క గదిలో ల్యాబ్ టెక్నీషియన్. గోడకి ఎర్ర రిబ్బన్ పోస్టర్, మూల కండోమ్‌ల పెట్టె. చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఒకావిడ బెంచీ మీద కూర్చుంది. "ఏం భయం లేదమ్మా, లోపలికి రండి" అని కౌన్సిలర్ మేడమ్ తలుపు దగ్గరగా వేసింది.

ఇక్కడికి ఎవరొస్తారు? గర్భిణులు అందరూ వస్తారు, రిస్క్ ఉందా లేదా అని ఎవరూ అడగరు. టీబీ ఉన్నవాళ్లని పంపిస్తారు. సెక్స్‌వర్కర్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు, మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు, సూదులు వాడేవాళ్లు, వీళ్ల కోసం విడిగా స్వచ్ఛంద సంస్థలు తిరుగుతాయి. మన దగ్గర మార్కుల్లేవు, గుంపులున్నాయి. ఏ గుంపులోనూ లేని మనిషి సంగతేమిటి? నలభై అయిదేళ్ల రైతు, చిన్న షాపు నడుపుకునేవాడు, మేస్త్రీ. ఆయన గర్భిణి కాడు, టీబీ లేదు, లారీ తోలడు. మోకాళ్ల నొప్పికి ఓపీకి వస్తే హెచ్‌ఐవీ మాట ఎవరూ ఎత్తరు. ఆయన భార్యకి చివరిసారి పరీక్ష జరిగింది రెండో కాన్పప్పుడు.

ఆవిడని డెన్వర్ కుర్చీలో కూర్చోబెట్టి చూడండి. నలభై ఏళ్లు, 12. ఆడమనిషి, సున్నా. మగవాడితో సంబంధం, అంటే భర్తతోనే, 22. యోని సంభోగానికి పది పోతాయి. కాన్పప్పుడు పరీక్ష అయింది కాబట్టి ఇంకో నాలుగు. మొత్తం 20. ముప్పై గీతకి చాలా కింద. ఆయన ఎక్కడెక్కడ తిరిగొచ్చాడన్న ప్రశ్న పట్టికలో లేదు. అన్నీ ఆవిడ గురించే అడుగుతుంది. మన రాష్ట్రాల్లో ఎంతోమంది ఆడవాళ్లకి వైరస్ కట్టుకున్నవాడి నుంచే వచ్చిందని ఐసీటీసీలో ఒక్క నెల కూర్చున్న కౌన్సిలర్ ఎవరైనా చెబుతారు.

ఆ మైనస్ పదిని చూడండి. డెన్వర్‌లో కొత్త కేసులు ఎక్కువగా మగవాళ్ల మధ్య సంబంధాల్లో బయటపడ్డాయి కాబట్టి స్త్రీపురుష సంబంధం అక్కడ తక్కువ రిస్క్‌కి గుర్తయింది. మన దేశంలో వైరస్ ప్రధానంగా పాకింది స్త్రీపురుష సంబంధాల ద్వారానే. ఇక్కడ ఆ పది తీసేయడమంటే ఎవరిని వెతుకుతున్నామో వాళ్లనే జాబితాలోంచి కొట్టేయడం. డెన్వర్ పట్టికని తెలుగులోకి మార్చుకుని వాడేద్దాం అనేవాళ్లకి ఈ ఒక్క గడి చాలు. మార్కులు కావాలంటే మన ఐసీటీసీ రిజిస్టర్లలోంచే పుట్టాలి. ఏటా కోట్లలో పరీక్షలు చేసే దేశానికి లెక్కకి కావలసిన సరుకు కొరత లేదు. అందులో మొదటి ప్రశ్న భాగస్వామి గురించి ఉండాలన్నది నా మాట.

అలా మన మార్కులు పుట్టినా వాటిని ఎక్కడ రాస్తారన్నది మరో భయం. ఓపీ చీటీ మన దగ్గర పది చేతులు మారుతుంది. వార్డుబాయ్ చూస్తాడు, మందుల కిటికీలో చూస్తారు, ఊరినుంచి తోడొచ్చిన బాబాయి చూస్తాడు. దాని మీద ఎర్రసిరాతో 54 అని రాస్తే ఆ మనిషి మళ్లీ ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కడు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం గుట్టుగా ఉంచాలని ఆ చట్టం చెబుతోంది. మార్కుకీ అదే గుట్టు కావాలి. పరీక్షకి ముందు వేసే అంకె అది, జబ్బు పేరు కాదు. చూసేవాళ్లకి ఆ తేడా ఉండదు.

ఇదంతా చదివి, పై గడుల్లో వేళ్లు పెట్టి మీరు మీ మార్కులు కూడేసుకునే ఉంటారు. ఎంత వచ్చినా సరే, జీవితంలో ఒక్కసారైనా హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోకపోతే ఈ వారమే చేయించుకోండి. పెళ్లయినవాళ్లయితే ఇద్దరూ కలిసి వెళ్లండి. ప్రభుత్వ ఐసీటీసీలో పరీక్ష ఉచితం. పాజిటివ్ అని చెప్పేముందు మూడు వేర్వేరు కిట్లతో సరిచూస్తారు. పాజిటివ్ అయితే వైరస్‌ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులూ ఉచితమే, ఆలస్యం లేకుండా మొదలుపెడతారు. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, ఆ కాల్‌కి డబ్బు పడదు.